మామిడి తలుపు మీద టేకు

అవిసె నూనె వాసన ఈమధ్య ఎక్కడా తగలడం లేదు. పెయింటు కొట్టుకెళ్ళినా తగలదు. అక్కడిప్పుడు ఏసీ ఉంది, రంగులు కలిపే యంత్రం ఉంది, కుర్రాడు కంప్యూటర్లో ఒక నంబరు కొడితే తెల్లరంగులోకి నాలుగు చుక్కలు జారి, డబ్బా కాసేపు గడగడా ఊగి, అడిగిన రంగు తయారై బయటికొస్తుంది. మంచిదే. కానీ మొన్న మా వీధి చివర ఒక పాత పెంకుటిల్లు విప్పుతుంటే, ద్వారబంధంతో సహా పీకి ప్రహరీకి ఆనించిన వీధి తలుపు దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. మే నెల ఎండకి కాగిన వార్నిష్ లోంచి ఆ వాసన సన్నగా వచ్చింది. ముందు అవిసె నూనె, దాని వెనక టర్పెంటైను, దాని వెనక లక్క, అన్నిటికీ అడుగున చివికిన చెక్క. పాత సామాన్లు కొనేవాడు జేబులోంచి మేకు తీసి తలుపు అంచు మీద ఒక్క గీకు గీకాడు. ముదురు గోధుమ రంగు కింద పసుపు, పసుపు కింద గులాబీ రంగు ప్రైమరు, దాని కింద పాలిపోయిన మెత్తటి చెక్క. "టేకు కాదండీ, మామిడి" అన్నాడు ఇంటివాళ్ళతో. అప్పటిదాకా ఆడిన బేరం అక్కడికక్కడే సగానికి పడిపోయింది.

ఆయన గీకక ముందే నాకు తెలుసు. రెండో పలకలో, కింది నుంచి జానెడు ఎత్తులో, కాస్త ఏటవాలుగా ఒక ముడి ఉంది. చెట్టుకి పుట్టిన ముడి అయితే ఎండా వానా తిన్నాక నడిమికి బీట వారుతుంది, పైనున్న వార్నిష్‌నీ చిట్లిస్తుంది. ఇది చిట్లలేదు. బొటనవేలికి గుడ్డ చుట్టి, తడిరంగు మీద ఒక్కసారి నొక్కి, మణికట్టు కొంచెం తిప్పి వదిలేసిన ముడి. ఎవరి చెయ్యో తెలియదు. మా మావయ్యది మాత్రం కాదు, ఆయన ముడి ఎడమకి తిరిగేది.

రాజమండ్రిలో, ఆర్యాపురంలో మావయ్య ఇంటి వెనక వసారా. గోదావరి మీద రోడ్డూ రైలూ కలిసిన వంతెన 1974లో తెరిచారు, ఆ తర్వాతి నాలుగైదు వేసవి సెలవులూ నేను గడిపింది ఆ వసారాలోనే. డాల్డా డబ్బాల్లో కిరసనాయిల్లో నానుతున్న బ్రష్షులు, గోనెసంచిలో సుద్దపొడి, మూత చుట్టూ బంక కట్టిన అవిసె నూనె డబ్బా, వాడి వాడి నునుపు దేరిన గరుకు కాగితం ముక్కలు, చిరిగిన బనీన్లు, సైకిలు ట్యూబు ముక్కలు, పళ్ళు అక్కడక్కడా విరగ్గొట్టిన దువ్వెనలు, ఎండిన బీరకాయ పీచు, కోడి ఈకలు ఒక కట్ట. దువ్వెనకి పళ్ళు విరిగిపోయాయని నేననుకున్నాను. విరగ్గొట్టాడట, ఒక్కో చోట ఒక్కో ఎడంతో, ఎందుకంటే చెట్టు తన గీతలన్నీ సమాన దూరంలో గీసుకోదు కదా.

మావయ్య రంగుల మేస్త్రి. గోడలకి సున్నం వేసేవాళ్ళు వేరే, బోర్డులు రాసేవాళ్ళు వేరే, ఆయనది తలుపుల పని. పెయింటు కొట్టువాళ్ళు దాన్ని 'గ్రైనింగు' అనేవారు, మావయ్య 'టేకు తియ్యడం' అనేవాడు. పుయ్యడం అనడు, గియ్యడం అనడు, తియ్యడమే అంటాడు. లేత రంగు ఆరిన తలుపు మీద ముదురు రంగు పల్చగా పూసి, అది తడిగా ఉండగానే దువ్వెనతో, గుడ్డతో, గోటితో తీసేస్తూ పోతే అడుగునున్న లేత రంగు చారలు చారలుగా బయటపడుతుంది. ఎంత పెట్టామన్నది అందరికీ తెలుస్తుంది, ఎంత తీశామన్నదే పని. ఆ మాటలో ఆ పనంతా ఉందని నాకు తట్టింది చాలా ఏళ్ళ తర్వాత.

టేకు ఆ ఊరికి దూరమేం కాదు. భద్రాచలం వైపు, పాపికొండల వైపు అడవుల్లో నరికిన దుంగల్ని తెప్పలుగా కట్టి గోదావరి మీద దింపుకొచ్చేవారు, ఊళ్ళో కలప అడితీలున్నాయి, కోత మిల్లులున్నాయి, సాయంత్రం పూట అటు వెళ్తే అప్పుడే కోసిన టేకు రంపపు పొట్టు వాసన తోలు వాసనలాగా, నూనె వాసనలాగా ముక్కుకి పట్టుకునేది. ఊరిగుండా పోయే టేకు ఊళ్ళోవాళ్ళందరి ఇళ్ళకీ వస్తుందని ఏముంది. మాస్టర్లూ, గుమాస్తాలూ, చిన్న కిరాణా కొట్లవాళ్ళూ ఇల్లు కట్టుకుంటే మామిడో వేపో వాడేవారు, పెరటి తలుపుకి ఆకుపచ్చ రంగు కొట్టించి, వంటింటి తలుపుకి ఏదో ఒక బూడిదరంగు కొట్టించి, వీధి తలుపుకి మాత్రం మావయ్యని పిలిచేవారు. పెళ్ళిచూపులకొచ్చేవాళ్ళూ వియ్యాలవారూ మొదట చూసేది ఆ తలుపునే. దాన్ని నేనిప్పుడు మోసం అనలేను, నిజాయితీ అనీ అనలేను. ఉన్నంతలో గుమ్మానికి ఒక మర్యాద, దానికి తగినంత ఖర్చు, అంతే అనుకునేవాళ్ళనుకుంటాను.

నాకు మొదట అప్పజెప్పింది లప్పం పిసకడం. సుద్దపొడి పీట మీద గుట్టగా పోసి, నడిమికి గుంట చేసి, అందులో అవిసె నూనె పోసి, అరచేతి మడమతో నొక్కి మడిచి, నొక్కి మడిచి, అరిసెల పిండిలాగా చేతికి అంటుకోకుండా వచ్చేదాకా పిసకాలి. చెయ్యి వేడికే అది మెత్తబడుతుంది. రాత్రి అన్నం తింటున్నా వేళ్ళ సందుల్లో ఆ నూనె వాసనే. లప్పంతో మేకు గుంటలూ పగుళ్ళూ పూడ్చి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది, అరచెయ్యి వేసి నిమిరి చూసి, మళ్ళీ రుద్దడం. నిజం చెక్కకే ఇంత నునుపు ఉండదు కదా, ఎందుకని అడిగితే, తలుపు మీద గుంట ఉంటే దువ్వెన అక్కడ తడబడుతుందిరా, చూసేవాడి కన్నూ అక్కడే తడబడుతుంది అన్నాడు.

రెండో వేసవిలో అడితీకి తీసుకెళ్ళాడు. బ్రష్షు పట్టుకోకముందు చూడాల్సినవి అక్కడున్నాయని ఆయన లెక్క. దుంగని నడిమికి కోసిన పలక మీద గీతలు నిలువుగా, దగ్గర దగ్గరగా పోతాయి, పక్కనుంచి కోసిన పలక మీద అవే గీతలు కొండ మీద కొండ పేర్చినట్టు కోసుగా లేస్తాయి. ఒకే చెట్టు, రంపం పోయిన దారిని బట్టి రెండు మొహాలు. కొమ్మ మొలిచిన చోట ముడి. "వంతెన స్తంభం దగ్గర నీళ్ళు చూశావా, అడ్డం వచ్చేసరికి చీలి, పక్కలకి ఒరుసుకుని, కొంత దూరం పోయాక గానీ మళ్ళీ కలవవు. ముడి దగ్గర గీత కూడా అంతే. ముందునుంచే పక్కకి తప్పుకోవడం మొదలెట్టాలి, ముడి దగ్గరికొచ్చాక తిప్పితే అది చెట్టు కాదు, నువ్వు" అన్నాడు. ఆ సాయంత్రం పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చుని హేవ్‌లాక్ వంతెన రాతి స్తంభాల దగ్గర నీళ్ళనే చూశాను, చీకటి పడేదాకా.

తలుపు మీద పని ఇలా సాగేది. లక్క పూసి చెక్కలోని అసలు ముళ్ళని ముందు కప్పెయ్యాలి, లేకపోతే వాటి జిగురు ఎప్పటికైనా పైకొచ్చి మరక కడుతుంది. గులాబీ ప్రైమరు, లప్పం, మళ్ళీ ప్రైమరు, ఆ మీద బిస్కెట్ రంగుకి కాస్త పసుపు కలిపిన అడుగు పూత, రెండు సార్లు. అది గట్టిగా ఆరాక కాల్చిన అంబరు, కాల్చిన సియెన్నా పొడులు అవిసె నూనెలో నూరి, టర్పెంటైనుతో పల్చన చేసి, గీత పారకుండా నిలబడ్డానికి చిటికెడు సుద్ద వేసి కలిపిన రంగు. ఎండాకాలం అది పావుగంట కన్నా ఎక్కువ తడిగా ఉండదు, అందుకని తలుపంతా ఒకేసారి పూయకూడదు. ముందు పలకలు ఒక్కొక్కటే, తర్వాత అడ్డ పట్టీలు, ఆఖరికి నిలువు పట్టీలు. పలక గీతలు నిలువుగా పోతే అడ్డ పట్టీ గీతలు అడ్డంగానే పోవాలి, రెండు పట్టీలు కలిసే చోట గీత కత్తితో కోసినట్టు ఆగాలి. వడ్రంగి ఎక్కడ అతుకు వేశాడో మనమూ అక్కడే అతుకు వెయ్యాలి, చెక్క ఎటు పోతోందో తెలియనివాడు ఈ పని ముట్టుకోకూడదని గట్టిగా అనేవాడు.

రంగు పూశాక, పొడి బ్రష్షుతో పైనుంచి కిందికి ఊపిరి బిగబట్టినట్టు ఒకే ఈడ్పు. తర్వాత ట్యూబు ముక్క కత్తిరించి చేసుకున్న రబ్బరు దువ్వెన, నిలువు గీతలకి. కొండల గీతలకి చెక్కదిమ్మకి వంపుగా అతికించిన రబ్బరు ముక్క, దాని మీద సగం చక్రాల్లాంటి గాళ్ళు, దాన్ని కిందికి లాగుతూ ముందుకీ వెనక్కీ ఊపితే కోసుగా కొండలు లేచేవి. ఊపు ఆగితే కొండ విరిగేది. ఆ మీద పొడుగు వెంట్రుకల బ్రష్షుని పలక మీద వాలుగా పెట్టి టపటపా కొడుతూ పైకి పోయేవాడు, దాంతో గీతలన్నీ చిన్న చిన్న నలకలుగా తెగి టేకు రంధ్రాలలాగా అయ్యేవి. ఆఖర్న ముడి. ముడి పెట్టేటప్పుడు మావయ్య మాట్లాడేవాడు కాదు, మాట్లాడనిచ్చేవాడూ కాదు. బొటనవేలికి గుడ్డ, ఒక్క నొక్కు, ఎడమకి తిప్పు, వెంటనే మెత్తటి బ్రష్షుతో అంచుల్ని గాలి తగిలినంత తేలిగ్గా చెదరగొట్టడం. మర్నాడు కోపాల్ వార్నిష్ పడేసరికి ఆ మసకంతా ఒక్కసారి లోపలికి దిగినట్టయ్యి, మామిడి తలుపుకి లోతు వచ్చేది. వార్నిష్ పడే ఆ నిమిషం చూడ్డానికి ఇంటివాళ్ళందరూ గుమ్మం దగ్గరికి చేరేవారు. ఒక ఇంటి ముసలమ్మ తలుపు మీద చెయ్యి వేసి చూడబోయి, తడి అని తెలిసి వెనక్కి తీసుకుని, ఆ చేత్తోనే దణ్ణం పెట్టింది. ఆవిడ మొహం నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది.

నాకు తలుపు ఇవ్వలేదు, రేకు ఇచ్చాడు. పాత రేకు మీద పసుపు పూత వేసి ఇచ్చి గీతలు తియ్యమనేవాడు, చూసి, ఏమీ అనకుండా కిరసనాయిలు గుడ్డతో తుడిచేసి మళ్ళీ ఇచ్చేవాడు. మూడు వారాలు నిలువు గీతలే. ముళ్ళ దాకా వచ్చాక నాకు సంబరం ఆగలేదు, రేకు నిండా పెట్టాను. "ఎన్ని పెట్టావ్‌రా అబ్బాయ్! ఇన్ని ముళ్ళున్న దుంగని ఏ వడ్రంగైనా వీధి తలుపుకి వాడతాడా? పొయ్యిలోకి వాడతాడు" అన్నాడు. తలుపుకి ఒకటి, మహా అయితే రెండు, అవి కూడా ఎదురెదురుగా ఉండకూడదు, కంటి ఎత్తులో అసలే ఉండకూడదు, వెతికేవాడికి దొరికేలా పక్కకి ఉండాలి. మూడో వేసవి చివర్న ఒక ఇంట్లో లోపలి గది తలుపు, అది కూడా వెనకవైపు, నాకు వదిలేశాడు. ఆ తలుపు మీద నేను పెట్టిన ముడి ఒక్కటే.

పాలరాయి కూడా తీసేవాడు, తక్కువగా. సిమెంటు స్తంభాలకి, దుకాణాల్లో గల్లాపెట్టె బల్లలకి, ఒకసారి ఒక భజన మందిరంలో అరుగుకి. తెల్లటి పూత మీద నూనె పల్చగా రాసి, బీరకాయ పీచు బూడిదరంగులో ముంచి అక్కడక్కడా అద్ది, కోడి ఈక కొసతో నరాలు లాగడం. ఈకని గట్టిగా పట్టుకోకూడదు, వణకనివ్వాలి. రాతిలో నరం ఏటవాలుగా పోతుంది, చీలుతుంది, సన్నబడి మాయమవుతుంది, గుణకారపు గుర్తులాగా ఒకదాన్నొకటి కొట్టుకోదు. మావయ్యకి ఈ విద్య నాటకాల తెరల దగ్గర వచ్చిందట. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు మొదలుపెట్టిన సురభి నాటకాలు ఊరూరా తిరిగే రోజుల్లో, దర్బారు తెర మీద స్తంభాలు వెనక వరస నుంచి చూస్తే నిజం చలవరాళ్ళే. ఆయనతో పాటు నేర్చుకున్న ఒకాయన మద్రాసు వెళ్ళి వాహినీ స్టూడియోలో సెట్లకి రంగులు వేశాడని చెప్పేవాడు. 1957లో వచ్చిన మాయాబజార్‌కి కళాదర్శకులు గోఖలే, కళాధర్. ఆ పేర్లు తెర మీద పడతాయి, పడాలి కూడా. ఆ సినిమా ఎప్పుడు చూసినా నేను మాత్రం నటుల వెనక స్తంభాలకేసి చూస్తాను, ఈక ఎవరి చేతిలో వణికిందోనని. అంతకు ముందు కాలంలో అయితే రంగుతో పనే లేదు. కోరమండల్ తీరం పొడుగునా గుల్ల సున్నాన్ని బెల్లం నీళ్ళూ కరక్కాయ రసంతో కలిపి, పైపూతకి గుడ్డు తెల్లసొన చేర్చి, నున్నటి రాయితో రోజుల తరబడి రుద్ది చలువరాయిలాగా మెరిపించేవారు. మద్రాసు సున్నం అని దాన్ని తెల్లదొరలు తమ దేశం దాకా చెప్పుకున్నారు. ఒకదాన్ని మరొకదానిలా కనబడేట్టు చెయ్యడం మన ఇళ్ళకి కొత్తేం కాదు.

పెళ్ళిళ్ళ రోజుల్లో ఇనప బీరువాలు వచ్చేవి. ఆడపిల్లకి సారెలో పెట్టే బీరువా బూడిదరంగులో ఉంటే ఆఫీసు సామానులా ఉంటుందని, దాని మీదా టేకు తియ్యమనేవారు. ఇనుముకి చెక్క గీత. వసారాలో బీరువా పడుకోబెట్టి, సిందూరం రంగు ప్రైమరు వేసి, చెక్క పలకలున్నట్టు ముందు పెన్సిలుతో గీతలు కొట్టుకుని పని మొదలెట్టేవాడు. రేకు మీద గీతలు ఇంకా చక్కగా వచ్చేవి, అడుగున అడ్డుపడే చెక్క లేదు కదా. ట్రంకు పెట్టెలకైతే తడి వార్నిష్ మీద కిరసనాయిలు దీపం పొగ పట్టించేవాడు, మసి మేఘాలలాగా పరుచుకుని ఏదో రాయిలాగా తయారయ్యేది. కనుబొమలు రెండుసార్లు కాల్చుకున్నాడు.

ఆ రోజులు బాగుండేవని అనడానికి నోరు రాదు. మావయ్య గోళ్ళ చుట్టూ చర్మం ఎప్పుడూ చీలి ఉండేది, అన్నం కలుపుకుంటే కారానికి మండి ఎడమ చేత్తో మణికట్టు పట్టుకునేవాడు. రంగుల్లో కలిపే తెల్ల సఫేదాలోనూ, ఆ సిందూరంలోనూ ఉన్నది సీసం. ఆ పొడి పీలుస్తూ, ఆ చేతులతోనే బీడీ వెలిగించుకుంటూ ముప్ఫై ఏళ్ళు పనిచేశాడు. నేనూ ఆ దుమ్ములోనే ఆడుకున్నాను. మన దేశంలో ఇళ్ళకి వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకి 90 పాళ్ళు మించకూడదని 2016లో నిబంధన చేసి, 2017 నవంబరు నుంచి అమల్లోకి తెచ్చారు. ఆయన పోయిన ఎన్నో ఏళ్ళకి. కూలీ తలుపు లెక్కన, అదీ వార్నిష్ ఆరాక, అదీ ఇంటాయన నాలుగు వంకలు పెట్టాక. కొన్ని ఇళ్ళల్లో వీధి తలుపుని దేవుడి గుమ్మంలా తీర్చిన మనిషికి మంచినీళ్ళు అరుగు మీదే, విడిగా పెట్టిన గ్లాసులోనే పోసేవారు. నాకు చెయ్యి కుదురుతోందని మావయ్య ఉత్తరం రాస్తే, అమ్మ మరుసటి వేసవి నన్ను పంపలేదు. అమ్మని తప్పు పట్టను. అన్నగారి దగ్గు వింటూ పెరిగిన మనిషి.

రాజమండ్రిలోనే దామెర్ల రామారావు పేరు మీద చిత్రశాల ఉంది. 1897లో పుట్టి, 1925లో, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే మశూచితో పోయిన చిత్రకారుడు, మహానుభావుడు. మావయ్య నన్నొకసారి లోపలికి తీసుకెళ్ళాడు, చెప్పులు బయట విడిచి. బొమ్మల్లో ఆడవాళ్ళ చీర మడతల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. బయటికొచ్చాక, "ఆయన గీసింది చూస్తే ఎవరు గీశారని అడుగుతారు, మనం తీసింది చూస్తే ఎవరూ అడక్కూడదు, అడిగారంటే చెడిపోయినట్టే" అన్నాడు. బాధగా అనలేదు, పని గురించి చెప్పినట్టు చెప్పాడు. ఎవరూ అడగకుండా ఉండడమే ఆ పనికి గెలుపు. చాలా తర్వాత ఒక పుస్తకంలో థామస్ కెర్షా అనే ఇంగ్లీషాయన గురించి చదివాను. లాంకషైర్ వాడు, 1819లో పుట్టి 1898లో పోయాడు, మా మావయ్య లాంటి రంగుల మేస్త్రీయే. బాల్టిక్ తీరం నుంచి వచ్చే చవక పైన్ తలుపుల మీద అక్కడివాళ్ళు ఓక్ తీయించుకునేవారట, రంగు నీళ్ళు పట్టి ఉండడానికి వాటిలో బీరు కలిపేవారట. కెర్షా తీసిన చెక్కలకీ, చలవరాళ్ళకీ 1851 లండన్ ప్రదర్శనలోనూ 1855 పారిస్ ప్రదర్శనలోనూ పతకాలొచ్చాయి, ఆ పలకలు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో దాచారు. ఆ పేజీ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అసూయ కాదు. మావయ్య అది చదివి ఉంటే కెర్షా ముడి ఎటు తిరుగుతుందని అడిగి ఉండేవాడనిపించింది.

1986 ఆగస్టులో గోదావరికి వరద వచ్చినప్పుడు ఒక లంక గ్రామంలో మావయ్య పదేళ్ళ కిందట చేసిన తలుపు మూడు రోజులు నీళ్ళల్లో ఉండిపోయింది. నీళ్ళు తీశాక కబురు పెడితే వెళ్ళాం, అప్పటికి నేను ఉద్యోగంలో చేరి సెలవు మీద వచ్చాను. మామిడి ఉబ్బింది, రంగు పొరలు పొరలుగా లేచి, టేకంతా చేతికి కాగితంలా ఊడొచ్చింది. ఒక పొర విరగకుండా వచ్చింది, దాని మీద ముడి ఉంది, వెనక్కి తిప్పితే ఉత్త గులాబీ ప్రైమరు. సంక్రాంతి దాకా చెక్క ఆరాలి, ఈలోపు రంగు ముట్టించకూడదు అన్నాడు మావయ్య. ఇంటాయనకి ఆగే వీలు లేదు, వాకిట్లో తలుపు లేకుండా ఎన్నాళ్ళుంటారు పాపం. ఊళ్ళోకి వెళ్ళి సన్‌మైకా అతికించిన ఫ్లష్ డోరు రెండ్రోజుల్లో తెచ్చి బిగించుకున్నాడు. అదీ టేకు గీతే. తుడిస్తే పోతుంది, చెదలకి తొందరగా లొంగదు, మళ్ళీ వార్నిష్ అక్కర్లేదు. ఏ రకంగా చూసినా అది మెరుగైన తలుపు. మావయ్య దాని ముందు నిలబడి పైనుంచి కిందిదాకా చూసి, వేలితో ఒక గీత, మూడడుగుల కింద మరో గీత చూపించి, "ఇదే అది" అన్నాడు. ఆ పైపొర అచ్చువేసిన కాగితం, కాగితం సిలిండరు మీద తిరుగుతుంది, ఒక చుట్టు తిరిగేసరికి చెట్టు మళ్ళీ మొదటికొస్తుంది. ఆ తర్వాత ఎక్కడ సన్‌మైకా చూసినా నా కళ్ళు ముందు ఆ రెండో గీతని వెతుకుతాయి, దొరుకుతుంది కూడా.

మావయ్య కొడుకు, నా బావమరిది, ఇప్పుడు టెక్స్‌చర్ పనులు చేయిస్తాడు. టీవీ వెనక గోడకి, పిల్లల గదికి, హోటళ్ళ వాకిళ్ళకి. రాయల్ ప్లే డబ్బాలు, స్పాంజి రోలరు, ప్లాస్టిక్ దువ్వెన, గుడ్డ ముడిచి అద్దే పద్ధతి, అన్నీ కంపెనీవాళ్ళు శిక్షణ ఇచ్చి నేర్పించారు. నీళ్ళల్లో కడిగితే పోయే రంగులు, మూతికి మాస్కు, చేతికి గ్లవుజులు, బ్యాంకులో పడే డబ్బు. తన దగ్గర పనిచేసే ఆరుగురు కుర్రాళ్ళలో ఎవడికీ దగ్గు లేదు. ఆ మాట వాడు చెప్పినప్పుడు నాకు గుండె నిండింది. కిందటి సంక్రాంతికి వాడి పనిచోటికి తీసుకెళ్ళాడు. దువ్వెన గోడ మీద అలలుగా పోతోంది, అందంగా ఉంది. ఇది దేని గీత అని అడిగాను. "దేనిదీ కాదు బావా, డిజైనంతే. కస్టమరు క్యాటలాగులో నంబరు చెబుతాడు" అన్నాడు. తప్పేం లేదు. పోయిందేదో అక్కడ నాకు తెలిసింది. అదే దువ్వెన, అదే తడిరంగు, అదే చేతి ఊపు, కానీ పని మొదలెట్టేముందు అడితీకి వెళ్ళాల్సిన అవసరం ఇప్పుడు లేదు. వంతెన స్తంభం దగ్గర నీళ్ళు చూడాల్సిన అవసరం లేదు. నకలు తీసేవాడు అసలుని అంతసేపు చూసేవాడు, అసలు కొనుక్కున్నవాడు కూడా అంతసేపు చూడలేదు. తలుపు పోవడం పెద్ద విషయం కాదు నాకు, ఆ చూపు పోయింది, దాన్ని ఎవరూ ఆపలేదు, ఎవరూ పోగొట్టనూ లేదు.

మావయ్య దువ్వెనల్లో ఒకటి నా దగ్గరుంది. కొమ్ము దువ్వెన, నాలుగు చోట్ల పళ్ళు విరగ్గొట్టింది. పళ్ళ మొదట్లో ముదురు రంగు ఇంకా గట్టిగా పట్టుకుని ఉంది. నేను ముడి పెట్టిన ఆ లోపలి గది తలుపు ఏమైందో కనుక్కున్నాను. ఇల్లు చేతులు మారింది, తలుపు మాత్రం అలాగే ఉంది, రెండు వైపులా తెల్ల ఎనామిల్ కొట్టేశారు.

మీ పాత ఇంటి వీధి తలుపు ఇలాంటిదే అయితే ఒక్క మాట వినండి. దాన్ని పొడి గరుకు కాగితంతో గీకించకండి, ఆ కాలపు రంగుల్లో సీసం ఉండొచ్చు, ఆ ధూళి చంటిపిల్లలున్న ఇంటికి మంచిది కాదు. తడిగుడ్డతో తుడవండి. సాయంత్రం ఏటవాలు వెలుగు పడేటప్పుడు కింది పలకల్లో పక్కకి వెతకండి, ముడి దొరుకుతుంది. తలుపు తీసెయ్యాల్సి వస్తే తీసెయ్యండి, కాకపోతే ముందు దానికో ఫోటో తీసుకుని, అది తీసిన మేస్త్రి ఎవరో ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే అడగండి.